డ్రాయింగ్‌లో ఒక గీత, మెషిన్ మీద ఒక పూట: తయారీకి అనువైన డిజైన్ అంటే అసలేంటి?

రెండు అల్యూమినియం ముక్కలు పక్కపక్కన పెట్టారనుకుందాం. రెండూ అరచేతిలో పట్టేంత డబ్బాలు. మధ్యలో 30 మిల్లీమీటర్ల లోతు గుంట, చుట్టూ నాలుగు రంధ్రాలు. బరువు దాదాపు ఒకటే, చేసే పనీ ఒకటే. కానీ ఒకటి మెషిన్ మీంచి దిగేలోపు రెండో రకానివి నాలుగైదు తయారైపోతాయి. తేడా ఏమిటని వెతికితే వెంటనే దొరకదు. మొదటిదాని గుంటలో లోపలి మూలలు కాస్త పదునుగా ఉన్నాయి, రెండోదానిలో కాస్త గుండ్రంగా ఉన్నాయి. అంతే.

ఆ 'అంతే' వెనకున్న లెక్కని ఇంజినీర్లు డీఎఫ్ఎం అంటారు, అంటే డిజైన్ ఫర్ మాన్యుఫ్యాక్చరింగ్. వస్తువు చేయాల్సిన పని చెడకుండా, దాన్ని తయారుచేసే కష్టాన్ని డ్రాయింగ్ దశలోనే తగ్గించడం. దీనికో జంట ఉంది, డీఎఫ్ఏ, అంటే డిజైన్ ఫర్ అసెంబ్లీ. విడి భాగాలను ఒకచోట చేర్చి బిగించే పని తేలికయ్యేలా డిజైన్ చేయడం దాని సంగతి. రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పేస్తుంటారు కానీ, ఒకటి ఇటు లాగితే మరొకటి అటు లాగే సందర్భాలూ ఉన్నాయి. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ఒకప్పుడు ఈ గొడవ ఫ్యాక్టరీ గోడల లోపలే ఉండేది. ఇప్పుడు కంప్యూటర్‌లో బొమ్మ గీసి ఫైల్ పంపితే ముక్క చేసి పంపే సర్వీసులు వచ్చాయి. దాంతో విద్యార్థులూ, చిన్న స్టార్టప్‌ల వాళ్లూ 'మీ డిజైన్‌లో ఫలానా చోట ఇబ్బంది ఉంది' అన్న ఎర్ర గుర్తులు చూసి తల పట్టుకుంటున్నారు. స్క్రీన్ మీద తప్పేమీ కనపడదు మరి. కంప్యూటర్ ఏ ఆకారాన్నైనా గీయనిస్తుంది. మెషిన్ అన్నింటినీ కోయనివ్వదు.

కటర్ గుండ్రం, మూల చతురస్రం

మిల్లింగ్ మెషిన్‌లో లోహాన్ని కోసేది గిర్రున తిరిగే కటర్. అది గుంట లోపలి మూలకి వెళ్లి మలుపు తీసుకుంటే, అక్కడ దాని వ్యాసార్థమంత గుండ్రదనం మిగిలిపోతుంది. మూలలో 1 మిల్లీమీటర్ వ్యాసార్థమే ఉండాలంటే 2 మిల్లీమీటర్ల కటర్ కావాలి. 5 మిల్లీమీటర్లు చాలంటే 10 మిల్లీమీటర్ల కటర్ సరిపోతుంది.

ఇందులో ఏముంది, చిన్న కటర్ పెడితే పోలా అనిపిస్తుంది. గుంట లోతు 30 మిల్లీమీటర్లని మర్చిపోకూడదు. ఆ అడుగు అందుకోవాలంటే 2 మిల్లీమీటర్ల కటర్ తన వ్యాసానికి 15 రెట్ల పొడవు బయటికి చాచుకుని నిలబడాలి. ఒక చివర పట్టి ఉంచిన కడ్డీని రెండో చివర నెడితే ఎంత వంగుతుందో చెప్పే సూత్రం ఉంది. పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లవుతుంది. వ్యాసం సగమైతే వంపు 16 రెట్లవుతుంది. మన లెక్కలో పొడవు మారలేదు, నెట్టే బలమూ అంతే అనుకుందాం. వ్యాసం మాత్రం 10 నుంచి 2కి, అంటే ఐదో వంతుకి పడిపోయింది. 5ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 625. సన్న కటర్ లావు కటర్ కంటే 625 రెట్లు ఎక్కువ వంగుతుందన్నమాట.

అంత వంపుతో ఎవరూ కోయరు, కటర్ విరిగిపోతుంది. కాబట్టి బలం తగ్గించి, పల్చని పొరలుగా, గీకినట్టు నెమ్మదిగా వెళ్తారు. టైమంతా అక్కడే పోతుంది. ఇక మూలలో అసలు గుండ్రదనమే వద్దంటే తిరిగే కటర్‌తో అయ్యే పని కాదు. విద్యుత్ మెరుపులతో లోహాన్ని కొద్దికొద్దిగా తినేసే స్పార్క్ మెషిన్ మీదికి ఎక్కించాలి. అది వేరే మెషిన్, వేరే సెట్టింగ్, ఇంకా ఎక్కువ టైమ్.

చాలా డ్రాయింగుల్లో ఆ పదును ఎవరూ కోరి పెట్టింది కాదు. కంప్యూటర్‌లో దీర్ఘచతురస్రం గీస్తే మూలలు పదునుగానే వస్తాయి, అలాగే వదిలేశారు. నిజంగా అవసరమయ్యే సందర్భాలూ లేకపోలేదు. చతురస్రపు ముక్క ఒకటి ఆ గుంటలో కూర్చోవాలంటే గుండ్రటి మూల అడ్డొస్తుంది. అప్పుడు కూడా మూలలో ఒక రంధ్రం కాస్త బయటికి జరిపి వేసేస్తే, చతురస్రం కోణం అందులోకి దూరి హాయిగా కూర్చుంటుంది. చూడ్డానికి మూలని ఎలుక కొరికినట్టుంటుంది గానీ, పని జరిగిపోతుంది.

బయటి అంచుల దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ పదును ఊరికే వస్తుంది, పై అంచుని గుండ్రంగా చేయడానికే ప్రత్యేకమైన కటరో అదనపు పనో కావాలి. పోత పోసే భాగాల్లో లోపలి పదును మూల దగ్గర బిగుసుకుపోయిన లోహం చల్లారేటప్పుడు పగిలే ప్రమాదం ఉంది. రేకుని మరీ పదునుగా మడిస్తే బయటి వైపు చీలుతుంది. 3డీ ప్రింటర్‌కి మూల ఎలా ఉన్నా పట్టదు, దాని బాధ వేరు. కింద ఆధారం లేకుండా గాల్లోకి చాచుకున్న భాగాలు, మామూలుగా నిటారు నుంచి 45 డిగ్రీల కంటే ఎక్కువ వాలినవి, దానికి కష్టం. అందుకే 'ఈ ఆకారం చేయడం తేలికేనా' అన్న ప్రశ్నకి విడిగా జవాబు లేదు. దేనితో చేస్తున్నారో చెప్తేనే జవాబు చెప్పగలం.

జాబ్‌ని ఎన్నిసార్లు విప్పి బిగించాలి

మెషిన్ మీద బిగించిన ముక్కని షాపుల్లో జాబ్ అంటారు. పై వైపు నుంచి చేయగల పనులన్నీ ఒక బిగింపులో అయిపోతాయి. పక్క గోడలో ఒక్క రంధ్రం ఉందంటే జాబ్ విప్పాలి, తిప్పాలి, మళ్లీ బిగించాలి, అంచు ఎక్కడుందో మెషిన్‌కి మళ్లీ చూపించాలి. రంధ్రం వేయడానికి అర నిమిషం పడితే ఈ తతంగానికి పది నిమిషాలు పట్టొచ్చు. పైగా విప్పి బిగించిన ప్రతిసారీ కొలతలో కాస్త తేడా దూరుతుంది. ఐదు అక్షాల మీద కదిలే మెషిన్లు ఈ బాధ చాలావరకు తగ్గిస్తాయి, కానీ వాటి గంట రేటు ఎక్కువ.

ఇలాంటివే చిన్నచిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. డ్రిల్ బిట్ మొన శంకువులా ఉంటుంది కాబట్టి ఆరపార పోని రంధ్రం అడుగు కూడా శంకువులాగే వస్తుంది. చదునైన అడుగు గీస్తే అదనపు పని. వాలు ముఖం మీద డ్రిల్ పెడితే జారి పక్కకి పోతుంది. రంధ్రంలో మరలు చివరి అడుగు దాకా కావాలంటే కష్టం, మరలు కోసే ట్యాప్ మొన సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ పూర్తి మరలు కోయలేదు.

టాలరెన్స్: కొలత పక్కన రాసే చిన్న అంకె

లోకంలో ఏ ముక్కా కచ్చితంగా 50 మిల్లీమీటర్లు ఉండదు. 49.98 ఉంటుంది, లేదా 50.03 ఉంటుంది. ఎంత తేడా వచ్చినా ఫర్వాలేదో చెప్పే హద్దే టాలరెన్స్. ఏ ముక్క తీసి ఏ ముక్కతో కలిపినా సరిపోవాలన్న ఆలోచన పాతదే. 1785లో ఫ్రాన్స్‌లో ఒనోరే బ్లాంక్ అనే తుపాకుల తయారీదారు, ఏ భాగాన్ని తీసి ఎందులో పెట్టినా సరిపోయే తుపాకీ లాకులు చేస్తుంటే, అప్పుడు అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ స్వయంగా వాటి భాగాలు కలిపి చూసి ఆశ్చర్యపోయి స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఆ పద్ధతి నిలబడాలంటే ఎంత తేడాకి ఒప్పుకుంటామో ముందే తేల్చుకోవాలి.

డ్రాయింగ్‌లో ప్రత్యేకంగా ఏమీ రాయకపోతే వర్తించే మామూలు హద్దులకి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 2768. అందులో 'మీడియం' అనే తరగతి ప్రకారం 30 నుంచి 120 మిల్లీమీటర్ల కొలతకి అటూ ఇటూ 0.3 తేడా ఉండొచ్చు. మామూలు మిల్లింగ్‌లో ఇది కష్టపడకుండానే వస్తుంది. అదే బేరింగో పిన్నో కూర్చునే రంధ్రమైతే లెక్క మారుతుంది. 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అని, అంటే రంధ్రాలకి వాడే ఒక ప్రామాణిక టాలరెన్స్ గుర్తు, రాస్తే మొత్తం వెసులుబాటు 0.021 మిల్లీమీటరే. తల వెంట్రుక మందంలో సుమారు మూడో వంతు. డ్రిల్ ఒక్కటీ చాలదు. తర్వాత రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చే రీమరో బోరింగో కావాలి. కొలవడానికి వెర్నియర్ పనికిరాదు, గేజ్ కావాలి. హద్దు దాటిన ముక్కలు తుక్కులోకి పోతాయి.

'దేనికైనా మంచిది' అని అన్ని కొలతలకీ బిగువైన టాలరెన్స్ రాసేయడం చాలామందికి అలవాటు. ఇది ఎక్కడ దెబ్బకొడుతుందో చూడండి. 300 మిల్లీమీటర్ల పొడవున్న అల్యూమినియం పట్టీకి అటూ ఇటూ 0.02 తేడా మాత్రమే ఉండాలని రాశారు. అల్యూమినియం ఒక మీటరుకి ఒక డిగ్రీ వేడికి దాదాపు 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. గది 20 డిగ్రీల నుంచి 30కి వెళ్తే ఈ పట్టీ దాదాపు 0.07 సాగుతుంది. పొద్దున పాసైన ముక్క మధ్యాహ్నానికి ఫెయిల్. అందుకే కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర అని ప్రపంచమంతా ఒప్పుకుంది. ఆ అంకె రాసినవాళ్లు తెలియకుండానే ఏసీ గది కూడా ఆర్డర్ చేశారన్నమాట.

అలాగని అన్నీ వదులుగా వదిలేస్తే ఏమవుతుంది? ఒక్కోటి 10 మిల్లీమీటర్ల మందం, అటూ ఇటూ 0.1 తేడా ఉన్న ఐదు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక సందులో దూర్చాలి. అన్నీ లావుగా వస్తే 50.5, అన్నీ పల్చగా వస్తే 49.5. సందు 50.5 కంటే తక్కువుంటే దూరకపోవచ్చు. కానీ ఐదూ ఒకేసారి లావు చివరనే రావడం అరుదు. ఒకదాని తేడాకి మరొకదానితో సంబంధం లేదనుకుంటే, తేడాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తారు. ఐదు యొక్క వర్గమూలం 2.24, దాన్ని 0.1తో గుణిస్తే సుమారు 0.22. అంటే పేర్పు దాదాపు ఎప్పుడూ 49.78, 50.22ల మధ్యే ఉంటుంది.

ఏ లెక్క నమ్మాలన్నదాని మీద ఇంజినీర్లలో రెండు పక్షాలున్నాయి. ప్రాణం మీదికొచ్చే చోట మొదటి లెక్కే అంటారు ఒకరు. లక్షల్లో చేసే వస్తువుకి రెండోది వాడితే టాలరెన్స్ వదులు చేసుకోవచ్చు, అరుదుగా సరిపోనివి పక్కన పెట్టేద్దాం అంటారు ఇంకొకరు. రెండో లెక్కలో ఒక మెలిక ఉంది. ఐదు పలకలూ ఒకే అరిగిన పనిముట్టు నుంచి వస్తే తేడాలన్నీ ఒకే వైపుకి ఉంటాయి, అప్పుడు ఆ వర్గమూలం ఎవరినీ కాపాడదు.

అచ్చులో పోసేటప్పుడు మందమే టైమ్

ప్లాస్టిక్ భాగాలు ఎక్కువగా అచ్చులోనే పుడతాయి. కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో అచ్చులోకి నెట్టి, చల్లారాక బయటికి తోస్తారు. మెషిన్ ఎక్కువసేపు చేసేది ఎదురుచూడటమే. చల్లారడానికి పట్టే టైమ్ గోడ మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల గోడకి 10 సెకన్లు పడితే 4 మిల్లీమీటర్ల గోడకి 40 సెకన్లు. 'గట్టిగా ఉంటుంది' అని మందం రెట్టింపు చేసినందుకు ఒక్కో ముక్కకి 30 సెకన్ల అదనం. లక్ష ముక్కలకి 833 గంటలు. రేయింబవళ్లు ఆపకుండా నడిపినా దాదాపు 35 రోజులు.

గట్టిదనం కోసం గోడ లోపలి వైపు సన్నని పక్కటెముకల్లాంటివి, రిబ్స్, ఇస్తారు. అవీ మరీ లావైతే వాటి వెనక పైముఖం మీద చిన్న గుంట పడుతుంది, లావు చోట ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి లోపలికి గుంజుకోవడం వల్ల. అందుకని రిబ్ మందం గోడలో సగం, అరవై శాతం మధ్య ఉంచుతారు. లెగో ఇటుకని తిప్పి చూస్తే ఇదంతా కనిపిస్తుంది. బయటికి గట్టి దిమ్మలా ఉన్నా లోపల బోలు, పల్చని గోడలు, మధ్యలో గొట్టాలు. 1958లో పేటెంట్ కోరిన ఆ గొట్టాలు ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి పెట్టినవే, కానీ ప్లాస్టిక్‌తో నిండిన దిమ్మ కంటే ఈ ఆకారం అచ్చుకీ నచ్చుతుంది.

అచ్చులోంచి ముక్క ఊడిరావాలంటే గోడలు కొంచెం వాలుగా ఉండాలి. ఒక డిగ్రీ వాలు అంటే ఏమీ లేనట్టే అనిపిస్తుంది, కానీ 50 మిల్లీమీటర్ల ఎత్తు గోడ పై నుంచి కిందికి వచ్చేసరికి దాదాపు 0.87 మిల్లీమీటర్లు జరుగుతుంది. దాన్ని చివర్లో గుర్తు చేసుకుంటే లోపల కూర్చోవాల్సిన సర్క్యూట్ బోర్డు పట్టదు.

ఈ స్క్రూ నిజంగా కావాలా

భాగాల సంఖ్య తగ్గించడం మీద బాగా పేరొచ్చిన పద్ధతి ఇంజినీరింగ్ ప్రొఫెసర్లు జెఫ్రీ బూత్‌రాయిడ్, పీటర్ డ్యూహర్స్ట్‌లది. 1991లో అమెరికా ప్రభుత్వం ఇద్దరికీ నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది. వాళ్ల పద్ధతిలో ప్రతి భాగాన్నీ మూడు ప్రశ్నలు అడుగుతారు. ఇది మిగతావాటితో పోలిస్తే కదలాలా? తప్పనిసరిగా వేరే పదార్థంతోనే చేయాలా? మిగతావి బిగించడానికో విప్పడానికో ఇది విడిగా ఉండాలా? మూడింటికీ 'అక్కర్లేదు' అని వస్తే ఆ భాగం పక్కదానిలో కలిసిపోవచ్చు.

ఒక చిన్న అలారం డబ్బా తీసుకుందాం. అడుగు డబ్బా ఒకటి, సర్క్యూట్ బోర్డు ఒకటి, బోర్డుకి 4 స్క్రూలు, మూత ఒకటి, మూతకి 4 స్క్రూలు. మొత్తం 11. డబ్బా కావాలి, దాని మీదే మిగతావి ఎక్కాలి. బోర్డు వేరే పదార్థం. మూత విడిగా లేకపోతే బోర్డు లోపలికి వెళ్లదు. స్క్రూలు మాత్రం మూడు ప్రశ్నల్లోనూ తప్పుతాయి. కనీస సంఖ్య 3. స్క్రూకి 8 సెకన్లు, డబ్బాకి 4, బోర్డుకీ మూతకీ చెరో 6 అనుకుంటే బిగింపు మొత్తం 80 సెకన్లు. ఆదర్శ భాగం ఒక్కోదానికి 3 సెకన్లు చాలని ఈ పద్ధతి లెక్కేస్తుంది, అంటే 9 సెకన్లు. 9ని 80తో భాగిస్తే సామర్థ్యం 11 శాతం. బోర్డు గాడిలోకి జారేలా, మూత నొక్కితే క్లిక్‌మని పట్టుకునేలా మార్చేస్తే 16 సెకన్లు, 56 శాతం.

ఇక్కడే డీఎఫ్ఏకి, డీఎఫ్ఎంకి చెడుతుంది. క్లిక్‌మనే కొక్కెం కింద ఒక గుంట ఉంటుంది, అచ్చు నిలువుగా తెరుచుకుంటే ముక్క అక్కడ ఇరుక్కుంటుంది. తప్పించాలంటే అచ్చులో పక్కకి జరిగే స్లైడర్ పెట్టాలి, అచ్చు ఖరీదు పెరుగుతుంది. నీళ్లు దూరకుండా మూత గట్టిగా అదిమి పట్టాలంటే స్క్రూ చేసే పని కొక్కెం చేయలేదు. పదిసార్లు తెరిచే మూతైతే కొక్కెం విరిగే రోజు వస్తుంది. సామర్థ్యం శాతం పెంచడమే లక్ష్యంగా పెట్టుకుంటే ఇవేవీ ఆ అంకెలో కనపడవు. నాకైతే ఆ మూడు ప్రశ్నలు ఆ శాతం కంటే విలువైనవనిపిస్తుంది.

ఎన్ని కావాలి అన్నదే సగం జవాబు

ఊహించుకున్న అంకెలతో చూద్దాం. ఒక భాగాన్ని మిల్లింగ్‌లో చేస్తే ఒక్కోటి 40 యూనిట్ల ఖర్చు. అచ్చులో చేస్తే ఒక్కోటి 2 యూనిట్లే, కానీ అచ్చుకి ముందే 60,000 పెట్టాలి. ఒక్కో ముక్క మీద 38 మిగులుతుంది కాబట్టి, 60,000ని 38తో భాగిస్తే దాదాపు 1,580 ముక్కల దగ్గర రెండూ సమానం. 200 చాలనుకున్నవాళ్లకి అచ్చు దండగ. లక్ష కావాలనుకున్నవాళ్లకి మిల్లింగ్ దండగ. మధ్యలో, అంటే వెయ్యీ రెండు వేలూ అనుకునే చోట, అమ్మకాలు ఎంతుంటాయో ముందే తెలియదు కాబట్టి అసలు టెన్షన్ అక్కడే.

పది ముక్కలకి 'తయారీకి అనువుగా లేని' డిజైన్ అన్నది పదివేల ముక్కలకి అనువైనదే కావచ్చు. నమూనాని మిల్లింగ్‌లో చేసి, అది పని చేసిందని అదే డ్రాయింగ్ అచ్చుకి పంపితే, మందమైన గోడలూ వాలు లేని ముఖాలూ అన్నీ ఒకేసారి తిరగబడతాయి.

ఏకాభిప్రాయం లేని చోట్లు

'వస్తువు ఖర్చులో 70 శాతం, 80 శాతం డిజైన్ దశలోనే ఖాయమైపోతుంది' అన్న మాట ఈ రంగంలో ప్రతి ప్రజెంటేషన్‌లోనూ కనిపిస్తుంది. దాన్ని పరీక్షించినవాళ్లు తక్కువ. 1990లలో కార్ల్ ఉల్రిచ్, స్కాట్ పియర్సన్ అనే పరిశోధకులు మార్కెట్‌లో దొరికే డ్రిప్ కాఫీ మెషిన్లు కొని, విప్పి, భాగం భాగం లెక్కగట్టారు. డిజైన్ల మధ్య తేడా ఖర్చుని గట్టిగానే మారుస్తోంది, కానీ ఫ్యాక్టరీని నడిపే తీరుని లెక్కలోంచి తీసేసేంత కాదు. దిశలో ఆ పాత మాట సరైనదే, ఆ అంకె మీద మాత్రం ఒట్టు వేయలేం.

ఇంకో గొడవ చాలా భాగాలని ఒకే ముక్కగా కలిపేయడం మీద. అమెరికా కంపెనీ జీఈ, లీప్ అనే విమాన ఇంజిన్‌లో 20 భాగాలు కలిపి చేసే ఇంధన నాజిల్ మొనని ఒకే ముక్కగా 3డీ ప్రింట్ చేసింది, బరువు నాలుగో వంతు తగ్గింది. టెస్లా మోడల్ వై కారు వెనక అడుగు చట్రంలో, మోడల్ 3లో 70 దాకా ఉన్న లోహపు ముక్కల స్థానంలో ఒకటో రెండో భారీ అల్యూమినియం పోతలు పెట్టింది. వెల్డింగ్ రోబోలు తగ్గాయి, జాగా కలిసొచ్చింది. ఎదుటి పక్షం అడిగేది ఇది: ఆ పోత ఒక చోట పగిలితే ఏం మార్చాలి? 70 ముక్కలుంటే ఒకటి మార్చేవారు. పోతని కోసి అతికే పద్ధతులు రూపొందుతున్నాయని సమర్థకులు అంటారు, ఆ ఖర్చు చివరికి బీమా ప్రీమియంలో తేలుతుందని విమర్శకులు అంటారు. తయారీ తేలికవడం, రిపేరు తేలికవడం ఒకటి కాదన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

యూఎస్‌బీ ప్లగ్ సంగతి ఇలాంటిదే. 1996లో వచ్చిన దీన్ని ఇంటెల్‌లో అజయ్ భట్ నాయకత్వంలోని బృందం రూపొందించింది. ఎటు తిప్పి పెట్టినా దూరేలా చేయాలంటే రెట్టింపు వైర్లూ సర్క్యూట్లూ కావాలి, ఖర్చూ రెట్టింపవుతుంది కాబట్టి వద్దనుకున్నామని తర్వాత ఆయనే చెప్పారు. కంప్యూటర్ తయారీదారులు ఒప్పుకోవాలంటే కనెక్టర్ చవగ్గా ఉండాలన్నది అప్పటి లెక్క, ఆ లెక్క ఫలించింది కూడా. ఎటు పెట్టినా దూరే టైప్-సీ ప్రమాణం 2014లో బయటికొచ్చింది. ఆ మధ్య పద్దెనిమిదేళ్లూ ఆ ప్లగ్‌ని ఓసారి పెట్టి, దూరక తిప్పి, మళ్లీ దూరక, మొదటిసారి పెట్టిన వైపే సరైనదని తెలుసుకోవడం వాడేవాళ్ల వంతైంది.